మచ్చ పడని ఫిల్మ్

ఆదివారం ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు ఊడ్చే మనిషి మాజీ సైనికుల సంఘం తలుపు తీసింది. ఏడూ పదకొండుకు ఆమె వీధిలో ఉంది. చీపురు మాత్రం లోపలే ఉండిపోయింది.

ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి ఎనిమిదీ ఇరవై. హెడ్ కానిస్టేబుల్ గుమ్మంలో జనాన్ని నెడుతూ ఎదురొచ్చాడు.

"పెద్దాయన మేడమ్. స్టూలు మీంచి పడ్డాడు. డాక్టరుగారు చూసేశారు. కాగితం కూడా రాసిచ్చారు."

"మనకంటే ముందే?"

"ఆయనే ఈ సంఘానికి ప్రెసిడెంటు. ఊడ్చే ఆవిడ నేరుగా ఆయన క్లినిక్‌కే పరిగెత్తిందట. ఏడూ ఇరవైకి ఆయన వచ్చారు. మనకి ఫోన్ కొట్టింది ఎనిమిదీ అయిదుకి."

ఆమె రెండు టైములూ జేబు పుస్తకంలో రాసుకుంది. మధ్యలో ముప్పావుగంట. దాని కింద ఒక గీత గీసింది.

హాలు వెనకాల చిన్న గది. కిటికీ తీస్తే ఓడరేవు క్రేన్లు కనిపిస్తాయి. గది నిండా తుప్పు వాసన, పాత ఖాకీ బట్టల వాసన. గోడవారగా అద్దాల బీరువా. బీరువా ముందు, ఎడమ పక్కకి ఒరిగి, చనిపోయిన మనిషి.

ఊళ్ళో ఆయన్ని అందరూ బ్యూగిల్ తాత అనేవారు. సైనిక దళంలో బ్యూగిల్ బూర ఊదిన మనిషి. రిటైరయ్యాక ఈ గదికి కాపలా, తాళం, దుమ్ము దులపడం, అన్నీ ఆయనే.

ఆ గది సంగతి ఊరందరికీ తెలుసు. నలభై ఏళ్ళ క్రితం నలభై ఆరుమంది సైనికుల్ని ఒక ఎడారికి పంపించారు. అణుబాంబు పరీక్షలు జరిగే చోటికి. బాంబుకి వీపు పెట్టి కూర్చోమన్నారు. అరచేతులతో కళ్ళు మూసుకోమన్నారు. మూసుకున్నారు. మూసిన కళ్ళకే తమ వేళ్ళ ఎముకలు కనిపించాయని ఆ తరవాత వాళ్ళు చెప్పేవారు. వెలుగు పోయాక లేచి దాని దగ్గరికే నడవమన్నారు. నడిచారు. తిరిగి వస్తూ ఒక్కొక్కరూ ఏదో ఒక గుర్తు తెచ్చుకున్నారు.

ఆ గుర్తుల్లో కొన్ని ఈ బీరువాలో ఉన్నాయి. నల్లద్దాల కళ్ళజోళ్ళు. మూడు టోపీలు. సొట్ట పడిన నీళ్ళ సీసా. 'వెలుగును చూసినవాడు' అని అచ్చువేసిన ప్రశంసాపత్రం. నడుమ నల్ల మఖమలు గుడ్డ మీద, నిమ్మకాయంత ఆకుపచ్చ గాజురాయి. బాంబు వేడికి ఎడారి ఇసుక కరిగి గడ్డకడితే అలా తయారైంది. సైనికులు దాన్ని పచ్చరాయి అనేవారు.

నలభై ఆరుగురిలో నిన్నటిదాకా మిగిలింది పన్నెండుమంది. ఇవాళ్టితో పదకొండు.

ఇన్‌స్పెక్టర్ వంగి చూసింది. తల వెనక దెబ్బ. ఇనప్పెట్టె మూల మీద ఎండిన రక్తం. పక్కన పడిపోయిన స్టూలు. దాని పైన గోడకి వంకరగా వేలాడుతున్న గ్రూప్ ఫొటో.

"ఏమైనా పోయిందా?"

"ఏమీ పోలేదు మేడమ్. బీరువా తాళం వేసినట్టే ఉంది. పచ్చరాయి కూడా ఉంది."

డాక్టరు కుర్చీలోంచి లేచాడు. డెబ్భై ఏళ్ళ మనిషి. నిటారుగా ఉన్నాడు. ఇస్త్రీ నలగలేదు. ఒకప్పుడు ఆ దళానికి క్యాంపు డాక్టరు. తరవాత ఊళ్ళో సగంమందికి ఆయనే డాక్టరు. రేపు సోమవారం పది గంటలకి విచారణ కమిషన్ వస్తుందనీ, ఆ పరీక్షల వల్ల సైనికులకి హాని జరిగిందా లేదా అన్నది తేలుస్తుందనీ, అందుకని బ్యూగిల్ నిన్న సాయంత్రం గది సర్దుతూ ఉండి ఉంటాడనీ ఆయన నిదానంగా చెప్పాడు. ఫొటో సరిచేయబోయి పడ్డాడు. వయసు మీద పడింది. అంతే.

హెడ్ కానిస్టేబుల్ కోటు జేబులు వెతికి టేబుల్ మీద పరిచాడు. చేతిరుమాలు. కళ్ళజోడు. బీరువా తాళంచెవి. గోధుమరంగు కాగితంలో చుట్టిన ఒక ఎక్స్‌రే ఫిల్మ్.

"పాడైన ఫిల్మ్ మేడమ్. ఇందులో బొమ్మేమీ లేదు."

ఆమె దాన్ని కిటికీకి ఎదురుగా పట్టింది. ఎముక లేదు. మచ్చ లేదు. క్రేన్లు అద్దంలోంచి కనిపించినట్టు స్పష్టంగా కనిపించాయి. ఒక మూల సూదితో గీకిన అంకె. నాలుగు. దాని కింద రెండు తేదీలు. గడిచిన ఆదివారం. మొన్న శుక్రవారం.

"మోకాళ్ళకి నేనే ఎక్స్‌రేలు తీయిస్తుండేవాణ్ణి," అన్నాడు డాక్టరు. "అరిగిపోయాయి పాపం. వాటిలోది అయి ఉంటుంది."

ఆమె ఫిల్మ్‌ని మళ్ళీ కాగితంలో చుట్టింది. స్టూలు వైపు చూసింది. అది నడుమెత్తు ఉంది. అరిగిపోయిన మోకాళ్ళతో ఆ పెద్దాయన దాని మీదికి ఎలా ఎక్కాడో ఆమెకి అర్థం కాలేదు.

ఆ మాట పైకి అనలేదు. శవాన్ని పోస్ట్‌మార్టమ్‌కి పంపించమంది.

"అవసరమా?" అన్నాడు డాక్టరు.

"పద్ధతి," అందామె.

*

పదకొండు గంటలు. ఆసుపత్రి ఎక్స్‌రే విభాగం.

బ్యూగిల్ తాతకి మిగిలిన బంధువు ఒక్కతే. మేనకోడలు. అక్కడే టెక్నీషియన్. ఏడ్చి ఏడ్చి మొహం కడుక్కుని వచ్చి కూర్చుంది.

"మీ మావయ్య స్టూలు ఎక్కగలరా?"

"గుమ్మం మెట్టే గోడ పట్టుకుని ఎక్కుతాడు మేడమ్. రెండేళ్ళయింది."

ఇన్‌స్పెక్టర్ ఫిల్మ్ తీసి టేబుల్ మీద పెట్టింది. ఆ అమ్మాయి దాన్ని ముట్టుకోలేదు. 

తరవాత చెప్పడం మొదలుపెట్టింది.

ఆ పచ్చరాయి మావయ్యదే. పెళ్ళైన కొత్తలో అత్తయ్యకి తెచ్చిచ్చాడు. ఆవిడ దాన్ని మంచం పక్క బల్ల మీద పెట్టుకుంది. చీకట్లో కూడా పచ్చగా ఉంటుందని మురిసిపోయేది. ముగ్గురు పిల్లలు పుట్టారు. ఒక్కరూ వారం దాటలేదు. నాలుగో కాన్పు అత్తయ్యకి రానేలేదు. నలభై నిండకుండానే రక్తం పాడై చనిపోయింది. ఆవిడ పోయాక మావయ్య ఆ రాయిని ఇంట్లో ఉంచుకోలేక బీరువాలో పెట్టాడు.

రెండు నెలల క్రితం పేపర్లో కమిషన్ గురించి వచ్చింది. దానికి డాక్టరుగారు రాసిచ్చిన వాంగ్మూలం కూడా వచ్చింది. సైనికులు తెచ్చుకున్న వస్తువుల్లో ఏ అపాయమూ లేదు, నేనే స్వయంగా పరీక్షించి అనుమతించాను అని. మావయ్య ఆ పేపరు మడిచి జేబులో పెట్టుకుని ఇక్కడికి వచ్చాడు.

"ఏమన్నారు?"

"అమ్మాయ్, ఈ రాయికి ప్రాణం ఉందా లేదా చూడాలి, నీ దగ్గర ఫిల్మ్ ఉందా అన్నాడు."

ఎక్స్‌రేకి వాడే ఫిల్మ్ వెలుగు తగలకుండా నల్లకాగితంలో ఉంటుంది. కాగితాన్ని దాటి వచ్చే కిరణం ఏదైనా తగిలితే, కడిగాక అక్కడ నల్లమచ్చ పడుతుంది. ఆమె గడువు తీరిన ఫిల్ములు నాలుగు ఇచ్చింది. మావయ్య ఒక్కొక్కదాన్నీ మఖమలు గుడ్డ కింద, రాయికి సరిగ్గా అడుగున పెట్టేవాడు. తీసి తెచ్చేవాడు. ఆమె కడిగేది.

"మొదటిది ఒక్క రోజే పెట్టాడు. దానికే బూడిదరంగు మచ్చ పడింది. రెండోది వారం. మూడోది వారం. రెండూ బొగ్గులా నల్లగా వచ్చాయి. రాయి ఆకారం అచ్చుగుద్దినట్టు."

"మూడోది ఎప్పుడు తీశారు?"

"గడిచిన ఆదివారం పొద్దున్న తొమ్మిదికి. అప్పుడే నాలుగోది పెట్టాడు. కమిషన్ వస్తోందని శుక్రవారమే తీసేశాడు. కడిగితే ఇలా వచ్చింది. నా వల్లే పాడైందేమో అనుకుని అదే ప్యాకెట్‌లోది ఇంకోటి పరీక్షించాను. ఫిల్ములో తప్పు లేదు."

నిన్న శనివారం నాలుగు గంటలకి ఆమె దాన్ని మావయ్య చేతిలో పెట్టింది. ఆయన చాలాసేపు వెలుతురుకి పట్టి చూశాడు. 'అయితే రాయి మారిపోయింది' అన్నాడు. వెళ్ళిపోయాడు. ఆమె ఆయన్ని ప్రాణంతో చూడడం అదే ఆఖరు.

"ముందటి మూడు ఫిల్ములు ఎక్కడున్నాయి?"

"బీరువా కింది సొరుగులో పెట్టుకునేవాడు."

సొరుగు ఖాళీగా ఉందని హెడ్ కానిస్టేబుల్ పొద్దున్నే రాశాడు.

*

మధ్యాహ్నం ఒంటిగంటన్నర. సంఘం ఆఫీసు గది.

సెక్రటరీ ఒకప్పుడు దళంలో స్టోర్సు చూసినవాడు. ఆ అలవాటు పోలేదు. గుండుసూది బయటికెళ్ళినా పుస్తకంలో ఎక్కించే రకం. అతని దగ్గరే బీరువా రెండో తాళంచెవి ఉంటుంది.

"ఈ వారంలో ఎవరు తీసుకున్నారు?"

అతను తాళాల రిజిస్టరు తిప్పాడు. ఒకే ఒక్క పద్దు. బుధవారం మూడూ పదిహేను నుంచి మూడూ యాభై. పాత వస్తువుల వ్యాపారి. ఫొటోలు తీసుకోవడానికి.

సెక్రటరీ గొంతు తగ్గించాడు. ఆ వ్యాపారి పచ్చరాయి కోసం ఏడాదిగా తిరుగుతున్నాడట. ఇలాంటివి పిచ్చిగా కొనేవాళ్ళు ఉన్నారట. బ్యూగిల్ ప్రతిసారీ మెడబట్టి గెంటినంత పని చేసేవాడట. బుధవారం కూడా వ్యాపారిని గదిలో వదిలి తాను ఫోన్ మాట్లాడడానికి వచ్చాననీ, అయిదు నిమిషాలు ఒంటరిగా ఉన్నాడనీ సెక్రటరీ ఒప్పుకున్నాడు.

"ఇంకేముంది మేడమ్," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ బయటికి వచ్చాక. "పాము కనిపించింది, పుట్ట కనిపించింది. రాయి మార్చేశాడు. పెద్దాయన కనిపెట్టి అడిగాడు. తోసేశాడు."

ఆమె నవ్వలేదు. మళ్ళీ లోపలికి వెళ్ళింది.

"గడిచిన ఆదివారం ఎవరూ తీసుకోలేదా?"

"రిజిస్టర్లో ఏమీ లేదు మేడమ్."

"రిజిస్టరు సంగతి కాదు. మిమ్మల్ని అడుగుతున్నాను."

సెక్రటరీ తడబడ్డాడు. ఆ ఆదివారం నెలవారీ మీటింగు. పది నుంచి పన్నెండు. బ్యూగిల్ హాల్లో కుర్చీలు వేస్తున్నాడు. ప్రెసిడెంటుగారు గది ఒకసారి చూసొస్తానంటే తాళంచెవి ఇచ్చాడు. పది నిమిషాల్లో తిరిగిచ్చేశారు. ఆయన ప్రెసిడెంటు. ఆయన చేత సంతకం పెట్టించుకోవడం బాగుండదని రాయలేదు.

టెలిఫోను పక్కన ఇంకో పుస్తకం వేలాడుతోంది. ఎవరు ఎవరికి ఫోన్ చేశారో రాసేది. చివరి పద్దు బ్యూగిల్ చేతిరాత. శనివారం, నాలుగూ యాభై. ప్రెసిడెంటుగారికి.

ఇన్‌స్పెక్టర్ ఆ పేజీని వేలితో తడిమింది. ప్రెసిడెంటుకి ఏ పుస్తకంలోనూ రాసే అలవాటు లేదు. అందుకే పొద్దున దొరికిన ముప్పావుగంటలో ఈ పుస్తకం ఆయనకి తట్టి ఉండదు.

"ఈ ఊళ్ళో సీసం పని చేసే వర్క్‌షాపులు ఎన్ని?" అని అడిగింది.

హెడ్ కానిస్టేబుల్ బుర్ర గోక్కున్నాడు. "రెండు మేడమ్. రేవు వెనక."

"రెండింటికీ వెళ్ళండి. అలాంటి రాయి కిరణాలు సీసం దాటి రావు. ఈమధ్య మూతున్న చిన్న సీసం పెట్టె ఎవరైనా చేయించుకున్నారేమో కనుక్కోండి. డాక్టరుగారి కాంపౌండరుతో కూడా మాట్లాడండి. నిన్న సాయంత్రం ఆయన ఎక్కడున్నారో. ఆ తరవాత సెర్చ్ వారంట్."

అయిదున్నరకి పోస్ట్‌మార్టమ్ గది నుంచి ఫోన్ వచ్చింది. ఆమె నిలబడి విన్నది. తరవాత కూర్చుంది. ఫోన్ పెట్టేశాక జేబు పుస్తకంలో ఇంకో టైము రాసుకుంది.

*

సోమవారం. తొమ్మిదీ పది.

సంఘం వెనక గదిలో, బీరువా ఎదుట, అయిదు కుర్చీలు. డాక్టరు. సెక్రటరీ. పాత వస్తువుల వ్యాపారి, చేతిలో రైలు టికెట్టు నలుపుతూ. మేనకోడలు. చివరి కుర్చీలో కమిషన్‌తో వచ్చిన, కిరణాలు కొలిచే మనిషి. ఒళ్ళో టిఫిను క్యారియరంత పెట్టె. పెట్టె మీద ముల్లు. తీగ చివర గొట్టం.

గుమ్మం దగ్గర హెడ్ కానిస్టేబుల్ నిలబడ్డాడు.

ఇన్‌స్పెక్టర్ బీరువా తెరిపించింది. కొలిచే మనిషి గొట్టాన్ని పచ్చరాయి మీద పెట్టాడు. అందరూ ముల్లు వైపు వంగారు. పెట్టె పలకలేదు. ముల్లు కదల్లేదు.

"మామూలు గాజు," అన్నాడతను. "సీసా కరిగించి పోసిన ముద్ద."

డాక్టరు తల పంకించాడు. "నేను కమిషన్‌కి రాసింది అదే. ఇందులో అపాయం లేదని."

"ఈ ముద్దలో లేదు," అంది ఇన్‌స్పెక్టర్. "ఈ చోట ఇంతకుముందు ఉన్నదానిలో ఉంది. దాన్ని ఎవరో మార్చారు. ఎప్పుడు మార్చారో తెలిస్తే ఎవరు మార్చారో తెలుస్తుంది."

సెక్రటరీ కళ్ళు వ్యాపారి మీదికి వెళ్ళాయి. వ్యాపారి అప్పుడే భుజాలు తడుముకుంటున్నాడు. తను శనివారం మధ్యాహ్నం రైలెక్కాననీ, నిన్న సాయంత్రం దాకా ఊళ్ళో లేననీ, టికెట్టు ఇదిగోననీ గడగడా చెప్పుకుపోయాడు.

"అది శనివారం సంగతి. బుధవారం మీరు ఈ గదిలో ఒంటరిగా ఉన్నారు. రాయి మార్చడానికి అయిదు నిమిషాలు చాలు."

అతను టికెట్టు నలపడం ఆపేశాడు.

ఇన్‌స్పెక్టర్ నాలుగో ఫిల్మ్ తీసింది. కిటికీ ముందు పట్టుకుంది.

"దీన్ని నిన్న అందరం చూశాం. ఏమీ లేదని పక్కన పెట్టేశాం. హంతకుడు కూడా సొరుగులో మచ్చలున్న మూడు ఫిల్ములూ తీసుకెళ్ళాడు. జేబులో ఉన్న దీని గురించి ఆలోచించలేదు. ఇందులో ఏమీ లేకపోవడమే సాక్ష్యం." ఆమె మేనకోడలి వైపు తిరిగింది. "మొదటి ఫిల్మ్ రాయి కింద ఎన్నాళ్ళుంది?"

"ఒక్క రోజు."

"మచ్చ?"

"పడింది."

"నాలుగోది నిన్నటికి ముందు ఆదివారం పొద్దున తొమ్మిదికి పెట్టారు. వ్యాపారి బుధవారం మూడున్నరకి మార్చాడనుకుందాం. అప్పటికి అసలు రాయి దీని మీద మూడు రోజులకి పైగా ఉండి ఉండాలి. బొగ్గులాంటి మచ్చ పడాలి. ఇందులో గోరంత మచ్చ లేదు. అంటే ఫిల్మ్ పెట్టిన కాసేపటికే రాయి మారిపోయింది. ఆదివారమే. బుధవారం ఈయన ఫొటో తీసింది సీసా ముద్దని."

వ్యాపారి టికెట్టు జేబులో పెట్టుకున్నాడు.

"ఆ ఆదివారం ఈ బీరువా తెరిచింది ఇద్దరు. తొమ్మిదికి బ్యూగిల్ తాత. పదికి మీరు."

డాక్టరు కదల్లేదు. "ఫొటోలు చూడ్డానికి వెళ్ళాను."

"శనివారం సాయంత్రం ఎక్కడున్నారు?"

"క్లినిక్‌లో. ఎనిమిది దాకా."

"మీ కాంపౌండరు అయిదూ పదికి ఇంటి విజిట్‌కి వెళ్ళారంటున్నాడు. ఆరూ పదిహేనుకి వచ్చారట. ఎవరింటికి?"

డాక్టరు చొక్కా చేతి గుండీ సర్దుకున్నాడు.

"నాలుగూ యాభైకి బ్యూగిల్ తాత మీకు ఫోన్ చేశారు. పుస్తకంలో రాసుకున్నారు."

"వాడు నాతో రోజూ మాట్లాడేవాడు. ఇవన్నీ కలిపి మీరు అల్లుతున్న కథ. దేవుడా, నలభై ఏళ్ళు వాళ్ళకి వైద్యం చేశాను. ఆ రాయి నాకెందుకు?"

ఇన్‌స్పెక్టర్ తల ఊపింది. హెడ్ కానిస్టేబుల్ బయటికెళ్ళి రెండు చేతులా ఒక పెట్టె మోసుకొచ్చాడు. చెప్పుల పెట్టె కన్నా చిన్నది. కానీ అతని మెడ నరాలు తేలాయి. టేబుల్ మీద పెడితే టేబుల్ మూలిగింది. సీసం పెట్టె.

"నిన్న సాయంత్రం ఏడింటికి, మీరు విజిట్‌కి వెళ్ళినప్పుడు, మీ కాంపౌండరు ఎదుట వారంట్‌తో వెతికితే మీ కార్ షెడ్‌లో దొరికింది," అందామె. "పాత టైర్ల వెనక. పదిహేను రోజుల క్రితం రేవు వెనక వర్క్‌షాపులో మీరే చేయించారు."

మూత తీశారు. లోపల పచ్చరాయి. కొలిచే మనిషి గొట్టం ముందుకి చాచాడు. అతని పెట్టె ఒకసారి చిటపటమంది. తరవాత ఆగకుండా, రేకుల మీద వాన పడ్డట్టు మోగింది. ముల్లు అటు కొసకి వెళ్ళి అక్కడే వణికింది. అతను చటుక్కున మూత పెట్టేశాడు.

"సముద్రం రెండు ఫర్లాంగుల్లో ఉంది," అంది ఇన్‌స్పెక్టర్. "ఎందుకు పారేయలేదు?"

డాక్టరు సీసం పెట్టె వైపు చూశాడు. "రేవులో పిల్లలు ఈత కొడతారు."



"మీ ఇల్లు క్లినిక్ పైన. అక్కడ మీ మనవలుంటారు. అక్కడా పెట్టలేదు. షెడ్‌లో, సీసంలో పెట్టారు. అపాయం లేని రాయికి సీసం పెట్టె ఎందుకు డాక్టరుగారూ?"

ఆయన వీపు మొదటిసారి వంగింది.

అప్పుడు చెప్పాడు. గొంతులో హెచ్చుతగ్గులు లేవు. రోగికి మందు ఎలా వేసుకోవాలో చెప్పినట్టే చెప్పాడు. ఎడారిలో రాళ్ళు ఏరుకుంటామని కుర్రాళ్ళు అడిగితే పైవాళ్ళు సరేననమన్నారు. సరేనన్నాడు. ఉప్పురాయి లాంటిదే, పట్టుకెళ్ళండి అన్నాడు. అయిదేళ్ళలో మొదటి శవం వచ్చింది. రక్తం జబ్బు. ఆ తరవాత వరస. ముప్పైనాలుగు మరణ పత్రాల్లో ఇరవై ఏడు ఆయన చేత్తోనే రాశాడు. ఒక్కదానిలోనూ ఆ రాయి మాట రాయలేదు. మొదటిదానిలో రాయనివాడు రెండోదానిలో ఎలా రాస్తాడు? కమిషన్ కొలిచే యంత్రం తెస్తుందని తెలిశాక నిద్రపట్టలేదు. బీరువాలోది ఒక్కటి మారిస్తే చాలనుకున్నాడు.

"బ్యూగిల్ మిమ్మల్ని అనుమానించాడా?"

"లేదు." ఆయన కళ్ళు మూసుకున్నాడు. "అసలు రాయి ఎవరో ఎత్తుకుపోయారు సార్, మీరే పట్టుకోవాలి అన్నాడు. అయితేనేం, నా దగ్గర మూడు ఫిల్ములున్నాయి, కమిషన్‌కి అవి చూపిస్తాను అన్నాడు. నాకివ్వమన్నాను. నవ్వాడు. నా పిల్లలు ముగ్గురికీ ఫొటోలు లేవు సార్, ఇవే వాళ్ళ ఫొటోలు, ఎలా ఇస్తాను అన్నాడు. లాక్కున్నాను. వాడు వదల్లేదు. తోశాను."

మేనకోడలు పైట నోటికి అడ్డం పెట్టుకుంది.

"అప్పుడు టైమెంత?"

"అయిదూ నలభై."

"పోస్ట్‌మార్టమ్‌లో ఆయన చనిపోయిన టైము ఎనిమిదికి దగ్గర్లో అని తేలింది. రెండు గంటలకు పైగా ప్రాణం ఉంది. మీరు నాడి చూశారా?"

డాక్టరు తన కుడిచెయ్యి చూసుకున్నాడు. వేళ్ళు దగ్గరగా పెట్టాడు, నాడి మీద పెట్టినట్టే.

"కొట్టుకుంటోంది," అన్నాడు.

సెక్రటరీ లేచి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. నలభై ఏళ్ళుగా ఆ మనిషి లోపలికి వస్తే సెల్యూట్ కొట్టినవాడు. ఇప్పుడు బయటికి తీసుకెళ్తుంటే మొహం చూడలేకపోయాడు.

తొమ్మిదీ యాభై అయిదుకి జీపు కదిలింది.

*

ఇన్‌స్పెక్టర్ వెళ్ళిపోదామనే అనుకుంది. కేసు తేలింది. మూడు ఫిల్ములు డాక్టరు పొయ్యిలో బూడిదయ్యాయని కాంపౌండరు చెప్పాడు. నాలుగోది మిగిలింది. రాయి మిగిలింది. కోర్టుకి చాలు.

కానీ హాలు గుమ్మం బయట మనుషులు నిలబడి ఉన్నారు.

ఊళ్ళో మాట పాకడానికి ఎంతసేపు. మిగిలిన పదకొండుమందిలో ఎనిమిదిమంది వచ్చారు. కొందరితో భార్యలు. ఒకతని బదులు అతని కోడలు. ఎవరూ గట్టిగా మాట్లాడడం లేదు. అందరి చేతుల్లో ఏదో ఒకటి ఉంది. గుడ్డలో చుట్టింది. డబ్బాలో పెట్టింది. ఒకావిడ మెడలోంచి తీసి గుప్పిట్లో పట్టుకున్న పచ్చరాయి లాకెట్టు.

కమిషన్ పెద్దలు లోపల కుర్చీలు సర్దుకుంటున్నారు. కొలిచే మనిషి గుమ్మం పక్కనే బల్ల వేసుకున్నాడు. ఒక్కొక్కరినే రమ్మన్నాడు.

లాకెట్టు చిటపటమంది. ఆవిడ దాన్ని బల్ల మీదే వదిలేసి రెండడుగులు వెనక్కి వేసింది. పేపర్‌వెయిట్ మోగింది. చదరంగం పావు ఒకటి మోగింది. నీళ్ళ సీసా మూత మాత్రం మోగలేదు. దాని యజమాని దాన్ని తీసుకుని మెట్టు మీద కూర్చున్నాడు.

కొలిచే మనిషి మోగిన ప్రతిదాన్నీ తన సీసం పెట్టెలో వేసి అంకె రాసుకుంటున్నాడు. ఇన్‌స్పెక్టర్ గుమ్మంలోనే నిలబడింది. హెడ్ కానిస్టేబుల్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

ఆఖర్న సెక్రటరీ వచ్చాడు. జీపు వెళ్ళిన వెంటనే ఇంటికి వెళ్ళి వచ్చినట్టున్నాడు. ఆయాసపడుతున్నాడు. చేతిలో టేబుల్ లైటు ఉంది. వైరు కాళ్ళకి తగులుతోంది. ఇత్తడి దిమ్మ మీద, బల్బు కింద, పచ్చరాయి పొదిగి ఉంది. తనే చేశానని చెప్పాడు. బల్బు వేస్తే రాయి వెలిగి పేజీ మీద పచ్చటి వెలుగు పడుతుందని చెప్పాడు. అడక్కుండానే చెప్పాడు. మనవరాలు ఆ వెలుగులో తప్ప చదవదట.

గొట్టం దగ్గరికి వెళ్ళకముందే పెట్టె మోగింది.

కొలిచే మనిషి ముల్లు చూశాడు. పెన్ను పక్కన పెట్టాడు.

"ఎన్నాళ్ళ నుంచి వాడుతోంది?"

"ఆరేళ్ళు. ఒకటో తరగతి నుంచి."

"పాప లైటుకి ఎంత దూరంలో కూర్చుంటుంది?"

సెక్రటరీ గుండుసూదికి కూడా లెక్క రాసిన మనిషి. దూరం చూపించడానికి రెండు చేతులూ బారుగా చాచాడు. ఒక్క క్షణం అలాగే నిలబడ్డాడు. తరవాత ఆ రెండు చేతుల్నీ కొంచెం దగ్గరికి తెచ్చాడు. ఇంకొంచెం. అందరూ చూస్తుండగా, అవి దగ్గరికి వస్తూనే ఉన్నాయి.